గమ్మునుండే పిల్లకు కమ్యూనికేషన్ మార్కులు

ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం మన రాష్ట్రంలో రాసే ఐసెట్ పరీక్షలో ఒక భాగానికి ‘కమ్యూనికేషన్ ఎబిలిటీ’ అని పేరు పెట్టారు. మొత్తం పరీక్ష 200 ప్రశ్నలు, 200 మార్కులు, రెండున్నర గంటల టైము. అందులో ఈ భాగానిది 70 మార్కులు. లెక్కలకేమో 55. మిగతా రెండు భాగాల్లో ప్రశ్న ఇంగ్లీషులోనూ కనిపిస్తుంది, తెలుగులోనూ కనిపిస్తుంది. ఇది మాత్రం ఒట్టి ఇంగ్లీషే.

నాకు పేచీ ఆ పేరుతోనే.

తిరుపతి బస్టాండు బయట పూలమ్మే ఆమె తమిళంలో బేరం మొదలుపెట్టి, పక్కనున్న వాళ్లకు కన్నడంలో ధర చెప్పి, వెనకనుంచి వచ్చే హిందీవాళ్లను ‘మాతాజీ’ అని పిలుస్తుంది. అలిపిరి వైపు జీపులు తోలేవాళ్లు ఎవరే ఊరివాళ్లో మొహం చూసి పోల్చుకుంటారు, ఆ భాషలోనే పలకరిస్తారు. పుత్తూరు, నగరి వైపు పోతే ఒకే ఇంట్లో అవ్వ తమిళం, కోడలు తెలుగు. వీళ్లకు కమ్యూనికేషన్ ఎబిలిటీ లేదని అంటే కొండమీది స్వామి కూడా నవ్వుతాడు. అయినా ఈ 70 ప్రశ్నలు ముందు పెడితే వీళ్లకొచ్చేది గుడ్డిగా గీసిన గీతల మార్కులే.

అందులో నిజంగా ఉండేది ఇంగ్లీషు మాటలకు అర్థాలు, వ్యాకరణం, ఒక పేరా చదివి అర్థం చేసుకోవడం, కొన్ని వ్యాపారానికీ కంప్యూటర్‌కూ చెందిన పదాలు. ఉండాల్సినవే. దానికి ‘ఇంగ్లీషు’ అని పేరు పెడితే సరిపోయేది. ఇంగ్లీషులో తక్కువొస్తే పిల్ల ‘నాకు ఇంగ్లీషు రాదు, నేర్చుకోవాలి’ అనుకుంటుంది. కమ్యూనికేషన్‌లో తక్కువొస్తే ‘నాకు మాట్లాడటమే రాదు’ అనుకుంటుంది. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది.

అలాగని ఆ భాగం ఎత్తేయమని నేననను. ఎంబీఏలో చేరాక పుస్తకాలన్నీ ఇంగ్లీషే, ఆ తర్వాత ఇంటర్వ్యూలన్నీ ఇంగ్లీషే. వద్దనుకుని ఎక్కడికి పోతాం? తెలుగు మీద వ్యాసాలు రాసే పెద్దమనుషుల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో మనకు తెలియంది కాదు. నేర్చుకోవాల్సిందే. ఎలా నేర్చుకోవాలన్నదే నా గొడవ.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, మా ఆడబిడ్డ కూతురు నాలుగు నెలలుగా మా ఇంట్లో ఉండి ఐసెట్‌కు చదువుతోంది. వాళ్లది పాకాల పక్కన పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే చేశారు కాబట్టి బీకాం మాత్రం ఇంగ్లీషులో చదివింది. చదివింది అంటే, మేడమ్ తెలుగులో చెప్పేది, పిల్లలు ఇంగ్లీషులో రాసేవాళ్లు. లెక్కలు బాగా చేస్తుంది. తర్కం ప్రశ్నలైతే ఆట. ఈ 70 మార్కుల దగ్గరికొచ్చేసరికి మొహం మాడిపోతుంది.

మా అన్న, అంటే ఆ పిల్ల నాయన, ఒక్కసారికి ఒప్పుకున్నాడు. పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో ఎస్వీ యూనివర్సిటీలోనో సీటొస్తే చదివిస్తాడు. ప్రైవేటు కాలేజీ ఫీజు, హాస్టలు ఆయన వల్ల కాదు. మామిడి మీద బతికే ఇల్లు, తోతాపురి ధర పడిపోయిన ఏడు వాళ్లింట్లో పండగ కూడా చప్పగానే జరుగుతుంది. సీటు రాకపోతే తిరుత్తణి వైపు సంబంధం ఒకటి ఏడాదిగా కాచుకుని ఉంది. ఆ సంబంధం చెడ్డదనడానికి లేదు. పిల్లకు ఇప్పుడే పెళ్లి ఇష్టం లేదు, అంతే. ఆ మాట నాతో అంది, వాళ్ల అవ్వతో అంది, వాళ్ల నాయనతో మాత్రం అనలేదు.

ఊళ్లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరింది. వాళ్లు మాటల పట్టీ ఇచ్చారు. రోజుకు 40 మాటలు. మాట, దానికి సమానార్థకం, వ్యతిరేకార్థకం. ఆ పట్టీలో ‘మాట్లాడటానికి సంబంధించిన మాటలు’ అని ఒక విభాగమే ఉంది. పరీక్షల్లో ఇవి తరచూ అడుగుతారట. ఒకరోజు వంటింట్లో నాకు దగ్గర కూర్చుని బట్టీ పెడుతుంటే విన్నాను. లొక్వేషస్ అంటే టాకెటివ్. టాకెటివ్ అంటే గ్యారలస్. గ్యారలస్ అంటే లొక్వేషస్. మాడవీధులన్నీ తిరిగి దర్శనం కాకుండానే ఇంటికొచ్చినట్టు, ఆ మాటలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి, ఒక్కటీ లోపలికి పోవడం లేదు. ‘అంటే ఎట్లాంటి మనిషి?’ అని అడిగా. ‘మాట్లాడే మనిషి అత్తా’ అంది. మూడింటికీ అదే.

అక్కడే బియ్యం ఏరుతున్న మా అత్త అందుకుంది. “మాట్లాడే మనిషంటే ఎట్ల మాట్లాడే మనిషి? మీ సిన్నవ్వ మాదిరా, భారతం చెప్పే ఆయప్ప మాదిరా? ఇద్దురూ మాట్లాడతారు. ఒకటేనా?”

చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిపిస్తారు, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర్న దుర్యోధన వధ, నిప్పులగుండం. మా అత్తకు లోకమంతా ఆ భారతంలోంచే కనిపిస్తుంది. ఆవిడకు ఇంగ్లీషు అక్షరం రాదు. అయితే మనుషులు ఎన్ని రకాలుగా మాట్లాడతారో, ఎన్ని రకాలుగా మాట్లాడకుండా ఉంటారో, అది ఆవిడకు తెలిసినంత ఏ డిక్షనరీకీ తెలియదు. మేం చేసిన పనల్లా పట్టీలోని మాటల్ని ఒక్కొక్కటీ డిక్షనరీలో పూర్తిగా చదివి, అటువంటి మనిషి ఎవరని ఆవిడను అడగడం.

గ్యారలస్ అంటే పనికిరాని సంగతులు అదేపనిగా వాగడం. వసపిట్ట, వాగుడుకాయ. అది సిన్నవ్వ అని తేలింది. లొక్వేషస్ కూడా ఎక్కువ మాట్లాడటమే, కానీ అందులో అంత తిట్టు లేదు. మాట జారుడుబండ మీద జారినట్టు వస్తూనే ఉంటుంది, వినబుద్ధి కూడా అవుతుంది. దానికి మా వీధి చివర చీరలమ్మే ఆయన. వర్బోస్ అంటే పది మాటల్లో అయ్యేది వంద మాటల్లో చెప్పడం, రాతకు కూడా వర్తిస్తుంది. ఊకదంపుడు. ఎలొక్వెంట్ అంటే భారతం చెప్పే ఆయప్పే, ద్రౌపది పడిన పాట్లు చెబుతుంటే మగవాళ్లు కూడా కండువాతో కళ్లు తుడుచుకుంటారు. నాలుగు మాటలకు నలుగురు మనుషులు దొరికాక ఆ పిల్ల వాటిని మళ్లీ కలగాపులగం చేయలేదు.

అన్నిటికంటే బాగా కుదిరినవి మాట్లాడకపోవడానికి సంబంధించిన మాటలు. మన వైపు ‘గమ్మునుండు’ అనే మాట ఒకటి ఉంది, తమిళం గాలి తగిలిన మాట. అన్ని మౌనాలనూ అందులోనే మూటకడతాం. ఇంగ్లీషులో వీటిని విడదీశారు. టాసిటర్న్ అంటే స్వభావంతోనే మాట తక్కువ మనిషి. “మీ తాత. ఉగాదికీ ఉగాదికీ మధ్య నాలుగు మాటలు” అంది మా అత్త. రెటిసెంట్ అంటే తెలుసు, కానీ బయటపెట్టడు. గుంభనంగా ఉంటాడు. “మీ మామ, జీతమెంతని అడిగినప్పుడు” అంది ఆవిడే, నావైపు చూస్తూ. టాసిట్ అంటే నోటితో చెప్పకుండానే ఒప్పుకున్నట్టు ఉండటం. ఈ మూడింటికీ లాటిన్‌లో మూలం ఒకటే, ఊరుకోవడం అని అర్థం. కర్ట్ అంటే పుల్లవిరుపు.

లకానిక్ అంటే తక్కువ మాటలతో గట్టిగా తగిలేట్టు చెప్పడం. దీనికి వెనక ఒక పాతకథ ఉంది. గ్రీసు దేశంలో స్పార్టావాళ్లు ఉండే సీమ పేరు లకోనియా. మాసిడోనియా రాజు ఫిలిప్ వాళ్లకు బెదిరింపు పంపాడట, మీ సీమకు గనక వస్తే ఊళ్లు నేలమట్టం చేస్తానని. వాళ్లు తిరుగుజవాబుగా ఒకే ఒక్క మాట పంపారట: ‘వస్తే.’ ఆ ఊరి పేరు మీదే ఆ మాట పుట్టింది. ఈ కథ విన్నాక మా ఇంట్లో అందరికీ లకానిక్ పట్టుకుంది. రెండు రోజులపాటు కూరలో ఉప్పెలా ఉందని అడిగితే ‘ఉంది’ అన్నారు. ఆర్టీసీ కండక్టర్ ‘రైట్’ అన్నట్టు.

వంకర మాటలకైతే మళ్లీ భారతమే దిక్కయింది. ఈక్వివొకేట్ అంటే అబద్ధం చెప్పకుండానే, రెండర్థాలొచ్చే మాటతో అవతలివాణ్ణి పక్కదారి పట్టించడం. లాటిన్‌లో రెండు గొంతులు సమానంగా పలకడం వంటిది. అశ్వత్థామ చచ్చాడని గట్టిగా చెప్పి, ఏనుగని మెల్లిగా గొణిగిన ధర్మరాజు కంటే మంచి ఉదాహరణ ఏ కోచింగ్ సెంటర్ ఇవ్వగలదు? ప్రివారికేట్ అంటే సూటిగా చెప్పకుండా తప్పించుకు తిరగడం. ఆ మాట మూలంలో వంకరగా నడవడం ఉంది. మనకూ డొంకతిరుగుడు ఉంది కదా, అదీ దారి నుంచి వచ్చిందే. లాటిన్ వాడూ పాకాలవాడూ ఒకే రకంగా ఆలోచించారని తెలిసినప్పుడు ఆ పిల్ల మొహంలో వచ్చిన వెలుగు నాకు బాగా నచ్చింది. ఇన్సినుయేట్ అంటే పైకి మామూలుగా అంటూ లోపల పొడవడం, సూటిపోటి మాట. దీనికి ఉదాహరణ ఎవరని మా అత్తను అడగలేదు. అవసరం పడలేదు.

క్యాండిడ్ అంటే దాపరికం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పడం. లాటిన్‌లో తెలుపు. పూర్వం రోములో ఎన్నికకు నిలబడేవాళ్లు తెల్లటి బట్టలు కట్టేవాళ్లు, క్యాండిడేట్ అన్న మాట కూడా అందులోంచే వచ్చింది. తెల్లబట్టల వరకు మన నాయకులూ ఆ సంప్రదాయాన్ని బాగానే కాపాడుతున్నారు.

ఈ పద్ధతికి లోటు లేకపోలేదు. మెల్లిగా సాగుతుంది. రోజుకు 40 కాదు, ఎనిమిదో పదో. పైగా తెలుగు మాట ఒకటి దొరికింది కదా అని అక్కడే ఆగిపోతే దెబ్బతింటాం. వాగుడుకాయ అని మనం ముద్దుగా కూడా అంటాం, గ్యారలస్‌లో ముద్దు లేదు. ఫ్రాంక్‌గా మాట్లాడతా అని మన వైపు ఎవరైనా అన్నారంటే తిట్టబోతున్నారని అర్థం, ఇంగ్లీషులో అలా కాదు. అందుకని ప్రతి మాటకూ డిక్షనరీలో ఇచ్చిన వాక్యం చదవడం, తర్వాత తనే ఇంగ్లీషులో ఒక వాక్యం రాయడం తప్పనిసరి చేశాం. వ్యాపారం పదాల్లో గ్రేప్‌వైన్ అని వచ్చింది. ద్రాక్షతీగ అని రాసుకుంది పాపం. ఆఫీసుల్లో అధికారికంగా కాకుండా నోటినుంచి నోటికి పాకే కబురట. అమెరికాలో నూటయాభై ఏళ్లకు పైగా కిందట టెలిగ్రాఫ్ తీగలతో పోల్చి పుట్టిన మాట. మాకు కుళాయి దగ్గర అయ్యే పని ఇదే.

ఇంకోటి, అన్ని మాటలూ అటునుంచి ఇటు రావు. అలక అనే మాటను ఇంగ్లీషులో ఒక్క మాటగా చెప్పమని మావాడు, అంటే మా అబ్బాయి, ఆ పిల్లను ఆట పట్టించాడు. ఇద్దరూ అరగంట డిక్షనరీ తిరగేశారు, ఏదీ సరిపోలేదు. అలకలో అవతలివాళ్లు వచ్చి బతిమాలతారన్న నమ్మకం ఉంటుంది, అది వాళ్ల మాటల్లో లేదు. ఆ అరగంటలో పట్టీలో లేని మాటలు నాలుగు నేర్చుకున్నారనుకోండి.

ఇదేమీ కొత్త పద్ధతి కాదు. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర తెలుగు నేర్చుకున్నది కూడా మనుషుల దగ్గరే. పండితుల్ని జీతానికి పెట్టుకున్నాడు, కావ్యాల్లో మాటలే కాక జనం నోట్లో నలిగే మాటలు కూడా పోగేశాడు, 1850ల మొదట్లో నిఘంటువులు అచ్చువేశాడు. ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఒక తెల్లదొర మన మాట నేర్చుకోవడానికి మన ఇళ్లముందుకు వచ్చాడు. మన పిల్లలు వాళ్ల మాట నేర్చుకోవడానికి ఇంట్లోవాళ్లను వదిలి జిరాక్స్ కాగితం ముందు కూర్చుంటున్నారు.

‘మాకు ఇంగ్లీషు రాదు, పిల్లల చదువులో మేమేం చేస్తాం’ అనే ఆడవాళ్లకు నేను చెప్పేది అదే. ఇంగ్లీషు మీకు రాకపోవచ్చు. ఎత్తిపొడుపుకూ దెప్పిపొడుపుకూ తేడా మీకు తెలుసు. నసగడం వేరు, నాన్చడం వేరు, గొణగడం వేరు, సణగడం వేరని మీకు ఎవరూ నేర్పలేదు. పిల్లకు కావలసింది ఆ తేడాలే. స్పెల్లింగు డిక్షనరీ చూసుకుంటుంది. కూరగాయలు తరుగుతూ పదిహేను నిమిషాలు ‘అట్లాంటి మనిషెవరు చెప్పు’ అని అడిగితే చాలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంత బాగా సాగుతున్న పని ఒక మాట దగ్గర ఆగిపోయింది. అసర్టివ్.

డిక్షనరీ చదివింది పిల్ల. తనకేం కావాలో తడబడకుండా, అవతలివాళ్లను నొప్పించకుండా, నమ్మకంగా చెప్పడం. మంచి గుణం కిందే లెక్క. మా అత్తను అడిగాం, అట్లాంటి ఆడది ఎవరని. కాసేపు ఆలోచించి, “నోరుగల్ల ఆడదా?” అంది. కాదు, మంచిగానే చెబుతుంది. “అయితే మొండిది.” కాదు. “పెంకిది.” కాదత్తా, ఎవరినీ ఏమీ అనదు, తనకు కావాల్సింది మాత్రం చెబుతుంది, అంతే. “అట్ల చెప్పే ఆడదాన్ని మనం ఇంకేమంటాం మే, గయ్యాళి అనే కదా అంటాం” అంది ఆవిడ. అందులో వెటకారం లేదు. ఉన్నమాట చెప్పింది.

సరే, అట్లాంటి మగవాడెవరు అని అడిగాం. తడుముకోలేదు. ఖరాఖండీగా మాట్లాడతాడు. కుండబద్దలు కొట్టినట్టు చెబుతాడు. ముక్కుసూటి మనిషి. ఒక్కమాట మనిషి. నాలుగు మాటలు వరసగా వచ్చేశాయి, నాలుగూ మెచ్చుకోళ్లే.

ఆ పూట నేను, ఆ పిల్ల కూర్చుని ఒక కాగితం మీద రాశాం. ఆడపిల్ల మాట్లాడితే ఇంట్లో వాడే మాటలేమిటి? వాగుడుకాయ, నోటిదురుసు, ఎదురుజవాబు, గడుగ్గాయి, గయ్యాళి, ఆరిందా. మాట్లాడకపోతే? బుద్ధిమంతురాలు, నెమ్మదస్తురాలు, నోట్లో నాలుక లేని పిల్ల. ‘నోట్లో నాలుక లేదు’ అని సంబంధాలవాళ్లకు గొప్పగా చెప్పుకుంటాం, ఆలోచిస్తే ఎంత ఘోరంగా ఉందో ఆ మాట. పట్టీలో ఆర్టిక్యులేట్ ఉంది, స్పష్టంగా చెప్పగలిగిన మనిషి. పర్సుయేసివ్ ఉంది, ఒప్పించగలిగిన మనిషి. వీటికి తెలుగు లేకపోలేదు. మాటకారి, మాట నేర్పరి అని ఉన్నాయి. ‘మీ అమ్మాయి మంచి మాటకారి’ అని పెళ్లిచూపుల్లో ఎవరైనా అంటే ఆ తల్లి సంతోషిస్తుందా, కంగారు పడుతుందా, మీరే చెప్పండి.

ఐసెట్ పేరు మీద నాకున్న పేచీ ఇక్కడికొచ్చేసరికి చిన్నదైపోయింది. పరీక్ష పెట్టేవాళ్లు చేసింది పేరు తప్పు పెట్టడం. ఇంట్లో మనం చేసింది అంతకంటే పెద్దది. 20 ఏళ్లపాటు గమ్మునుండవే అంటాం. మామ ముందు, నాయన ముందు, వచ్చిన బంధువుల ముందు. 21వ ఏట ఒక్కసారిగా 70 మార్కులకు కమ్యూనికేషన్ చేయమంటాం. ఆ తర్వాత ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి, మీ గురించి చెప్పండి అంటారు. ఈ పిల్ల జన్మలో ఎవరితోనూ తన గురించి చెప్పలేదు. చెబితే వినేవాళ్లు లేరు. ఆ రోజు నోరు పెగలకపోతే, ఇంగ్లీషు రాకపోవడం వల్లే అని తీర్మానిస్తాం. తెలుగులో అడిగినా ఆమె నోరు పెగలదని మనకు తోచదు.

మా అత్తను తప్పుపట్టడానికి రాయలేదిది. ఆవిడ ఆ మాటలు పడి పెరిగిన మనిషి. ఈ కాగితం చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “భారతంలో ద్రౌపది సభలో అడగలేదా, ముందు తన్ను తాను ఓడిపోయినాడా, నన్ను ఓడిపోయినాడా అని? అంతమంది పెద్దోళ్లలో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయినారు. ఆయమ్మను ఎవురూ గయ్యాళి అన్లేదే. పూజ చేస్తాండాం కదా” అంది. అసర్టివ్ పక్కన ద్రౌపది అని రాసుకుంది పిల్ల. పరీక్షలో ఆ మాట వస్తే మాత్రం మరిచిపోదు.

ఆ తర్వాతి ఆదివారం వాళ్ల నాయనకు ఫోన్ చేసింది. ముందుగా కాగితం మీద మూడు వాక్యాలు రాసుకుంది, అవి తెలుగులోనే. నేను పక్కనే ఉన్నా గానీ కల్పించుకోలేదు. సంబంధం వాళ్లకు ఇప్పుడే మాట ఇవ్వొద్దు. పరీక్ష అయ్యి, కౌన్సెలింగ్ ముగిసేదాకా ఆగండి. సీటు రాకపోతే ఏదైనా ఉద్యోగం చూసుకుంటూ ఇంకోసారి రాస్తాను. గొంతు వణికింది, రెండో వాక్యం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అయినా మూడూ చెప్పింది. అట్నుంచి కాసేపు ఏమీ వినబడలేదు. ఆయన టాసిటర్న్ మనిషి, తాత పోలిక.

చివరికి ‘చూద్దాంలే’ అన్నాడట. చూద్దాం అంటే అవునా కాదా అని నేను, మా అత్త ఆ సాయంత్రమంతా చర్చించుకున్నాం. పరీక్షకు ఇంకా 19 రోజులుంది, పట్టీలో ఇంకా 112 మాటలున్నాయి. ఆ రాత్రి నోటుబుక్కు చూస్తే ‘నాన్‌కమిటల్’ అన్న మాట పక్కన అర్థం రాయాల్సిన చోట ‘మా నాయన, ఆదివారం’ అని రాసి ఉంది.